ఫోర్ పాయింట్ ఎయిట్ బర్గర్

"ఇక్కడొద్దు బాబూ, ఇక్కడ తినొద్దు" అన్నాడు పిట్టగోడ మీద కూర్చున్న ముసలాయన.

శ్యామ్‌సుందర్ ఆగలేదు. భార్య రేణు చెయ్యి పట్టుకుని హోటల్ గేటు వైపు నడిచాడు.

"ఆ మెట్లెక్కి పైకి వెళ్ళండి. నీలం గొడుగు కింద వెర్నా ఉంటుంది. బర్గరంటే అది. బీరు ఐసులోంచి తీసి ఇస్తుంది."

మాట ఇంగ్లీషే అయినా ఆ దీవి యాసలో పాడినట్టు పలికాడు.

"నో, థాంక్యూ" అని, రేణుతో తెలుగులో, "కమిషన్ బ్యాచ్. పట్టించుకోకు" అన్నాడు శ్యామ్‌సుందర్.

"పాపం పెద్దాయన, శ్యామ్. మెల్లగా చెప్పొచ్చుగా."

"ఇలాంటోళ్ళని చార్మినార్ దగ్గర బోలెడుమందిని చూశా."

అతని కంగారుకు కారణం ఉంది. ఆ రోజు వాళ్ళ పదో పెళ్ళిరోజు. ఐదో పెళ్ళిరోజున ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చి పడింది. ఏడోది ఏకంగా మర్చిపోయాడు. వీసా స్టాంపు గడువు తీరి రెండేళ్ళయింది కాబట్టి, అమెరికా దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరేమోనని భయం. అందుకే అమెరికా జెండా ఎగిరే ఈ కరీబియన్ దీవికి వచ్చారు.

రేణు అడిగింది ఒక్కటే.

"సముద్రం కనపడుతూ ఒక మంచి బర్గర్, ఒక చల్లటి బీరు. అంతే. ఈసారన్నా చెడగొట్టకు."

శ్యామ్‌సుందర్ అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డేటా ఇంజనీరు. నోటిమాట నమ్మడు, నంబరునే నమ్ముతాడు. నెల ముందే దీవిలోని ఇరవై మూడు హోటళ్ళనూ ఎక్సెల్ షీట్‌లోకి దింపి, రేటింగ్ వారీగా పేర్చాడు. ఈ 'హోరేస్ గ్రిల్'కి ఐదుకి ఫోర్ పాయింట్ ఎయిట్. రెండు వేల రివ్యూలు. దాని దరిదాపుల్లో ఇంకొకటి లేదు.

"నీలం గొడుగు నా షీట్‌లోనే లేదు" అన్నాడు గేటు తోస్తూ.

లోపల ఏసీ బాగుంది. కుర్చీలు బాగున్నాయి.

"మేం బీఫ్ తినం. చికెన్ వేరే పెనం మీద చేస్తారా?" అని అడిగాడు.

"అన్నిటికీ ఒకటే పెనం" అని వెయిట్రెస్ వెళ్ళిపోయి, మైక్రోవేవ్‌లో తిప్పిన వెజ్ బర్గర్లు రెండు తెచ్చిపెట్టింది.

బర్గర్ మధ్యలో ఐసుగడ్డ. బీరేమో వెచ్చగా ఉంది. రెండూ తారుమారైనా బాగుండేది.

రేణు రెండుసార్లు కొరికి ప్లేటు పక్కకు జరిపింది. ఏమీ అనలేదు. ఆవిడ తిడితే గండం గడిచినట్టేనని, ఏమీ అనకపోతేనే భయపడాలని పదేళ్ళ కాపురంలో అతనికి బాగా తెలిసొచ్చింది.

"సారీ రేణూ. మళ్ళీ చెడగొట్టాను."

"తిరిగెళ్ళే ఫెర్రీ పడవకి ఇంకా గంటన్నర టైముంది. నాకు ఆకలేస్తోంది" అంటూ లేచింది రేణు. "నీ షీట్ అయిపోయిందిగా? ఇప్పుడు నేను చెప్పిన చోటికి రా."

గేటు దాటుతుంటే ముసలాయన వాళ్ళ మొహాలు చూశాడు. నేను చెప్పలేదా అని దెప్పలేదు.

"మెట్లు అరిగిపోయాయి. అమ్మాయి చెయ్యి పట్టుకో బాబూ" అన్నాడంతే.

శ్యామ్‌సుందర్ సిగ్గుపడి తల తిప్పుకున్నాడు.

నీలం గొడుగు కింద రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక ఐసు పెట్టె. ఎదురుగా కనుచూపుమేరా సముద్రం.

"ముందు మీరు తిననిదేంటో చెప్పండి" అంది వెర్నా.

"బీఫ్."

ఆవిడ పెద్ద పెనం దించేసి, బల్ల కింద నుంచి చిన్న పెనం తీసింది.

"ఇది చేపలకే. తినని వాళ్ళకి వేరే పెనం పెట్టాలని నాకు వంట నేర్పినాయన పట్టుబట్టేవాడు."

చేప బర్గర్ కరకరలాడింది. బీరు సీసా పట్టుకుంటే చేతులు జిల్లుమన్నాయి.

"అబ్బ! శ్యామ్, ఈ కారం గుంటూరుకి చుట్టం" అంది రేణు మూతి కూడా తుడుచుకోకుండా నవ్వుతూ.

ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంకో బీరు చెప్పనా?" అన్నాడు.

"అడగాలా?"

రెండో బీరు అవగొట్టాక అతను వెర్నాని అడిగాడు. "గేటు దగ్గర పెద్దాయనకి కమిషన్ ఎంతిస్తారు?"

"కమిషనా?" వెర్నా పకపకా నవ్వింది. "నా దగ్గర మంచినీళ్ళు కూడా ఊరికే తాగడు."

"మరి రోజంతా ఎండలో ఎందుకు కూర్చోవడం?"

"ఆయన్నే అడగండి."

అంతలో ఫెర్రీ కూత పెట్టింది.

గబగబా కిందికొచ్చేసరికి పెద్దాయన ఇంకో జంటకు ఏదో చెబుతున్నాడు. ఆ కుర్రాడు చెయ్యి అడ్డంగా ఊపేసి, ఫోను చూసుకుంటూ గేటు లోపలికి పోయాడు. ఆగి పలకరించే వ్యవధి లేదు. ఇద్దరూ పరుగెత్తి ఫెర్రీ ఎక్కారు.

"పదేళ్ళలో బెస్ట్ ఇదే" అని రేణు అతని భుజం మీద తల వాల్చింది.

శ్యామ్‌సుందర్ తృప్తిగా ఫోను తీశాడు. ముందు ఆ గ్రిల్‌కి ఒక్క చుక్క రేటింగ్ ఇచ్చి కసి తీర్చుకోవాలి. మొదటిసారిగా రివ్యూలను తేదీ వారీగా పేర్చి చూశాడు. ఆరు నెలలుగా అన్నీ ఒకటి, ఒకటి, ఒకటి.

'హోరేస్ చేతులు వణుకుతున్నాయని హోటల్ అమ్మేశాడు. కొన్నవాళ్ళు బోర్డు మీద ఆయన పేరు మాత్రం ఉంచుకున్నారు' అని రాశారెవరో.

ఆ కిందవన్నీ పాతవి. అన్నీ ఐదే. డేటా ఇంజనీరై ఉండి తేదీ చూడలేదే అని నాలిక కరుచుకుని, ఒక ఫొటో పెద్దది చేశాడు.

బోర్డు కింద గరిటె పట్టుకుని నవ్వుతున్న హోరేస్, తన పేరు చూసి వచ్చిన వాళ్ళెవరూ ఆకలితో తిరిగి వెళ్ళకూడదని గోడ మీద కాపలా కూర్చున్న ఆ పెద్దాయనే.