ఆగని మిషను

దివాలా తీసిన బట్టల ఫ్యాక్టరీ నుంచి నాన్నకు రావాల్సిన జీతం కోసం ఫారం నింపుతున్నాను. "కంపెనీ సొత్తు మీ దగ్గరేమైనా ఉందా?" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

లోపలి గదిలో కుట్టుమిషను మోగుతూనే ఉంది. జీతం ఇచ్చేదాకా వాడుకోమని ఓనరు ఇచ్చిన ఆ మిషనుతోనే మా పొయ్యి వెలుగుతోంది.

"లేదని రాసేయనా నాన్నా?"

"అంతా నిజమని సంతకం పెట్టాల్సింది నేను కదే."

"ఉందంటే పట్టుకుపోతారు. డబ్బులొచ్చేదాకా గాలి భోంచేద్దామా?"

నాన్న లోపలి గది వైపు చూశాడు.

ఈ ఫారం ఇంటికొచ్చినప్పటి నుంచి అమ్మ తిండి ధ్యాస లేకుండా కుడుతోంది. మా గొడవ చెవిన పడకూడదనేమో అనుకున్నాను.

మిషను ఆగింది. అమ్మ బట్టల మూట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒప్పుకున్నవన్నీ కుట్టేశాను. మిషను తుడిచి నూనె కూడా వేశాను. ఉందనే రాయి."