మొదటి పేజీలో మగ్గం

"అక్కా, మీ చీరల సైటు మళ్లీ తెరుచుకోలేదు."

ఫోన్లో అదే గొంతు. బద్వేలు నుంచి, ఆరాధన అని చెప్పుకునే మనిషి.

"నా ఫోన్లో బాగానే వస్తాండాది కదమ్మా," అంది శశికళ విసుగ్గా.

"మీకు వస్తాదిలే అక్కా. నాకైతే ఎసట్లో బియ్యం పోసి నొక్కితే, గంజి వార్చే పొద్దుకు వస్తాండాది."

శశికళకు నవ్వు రాలేదు.

ఎమ్మిగనూరులో తమ వీధి మగ్గాల మీద నేసిన చీరల్ని ఆమె ఆ సైటులోనే అమ్ముతోంది. కొన్నాళ్లుగా ఆర్డర్లు పడిపోయాయి. ఇలాగే ఉంటే మగ్గాలు ఆపమని నేతగాళ్లకు చెప్పాలి. ఆ మాట ఏ నోటితో అనాలో తెలియక అన్నం సయించడం లేదు.

"ఇంతకూ నీకు ఏ చీర కావాలమ్మా?"

"చీర కాదక్కా. మొదటి పేజీలో మగ్గం వీడియో ఉండాది చూడు, అది తొందరగా వచ్చేటట్టు చేస్తే చాలు."

"దాంతో నీకేం పని?"



"ఊరికే, చూసుకునేదానికి. వీలైతే నా ఫోన్‌కు పంపిస్తావా అక్కా?"

శశికళ ఫోన్ పెట్టేసింది.

చీర కొనని మనిషికి మగ్గం వీడియో ఎందుకు? అందులో అంచు డిజైను, దాన్ని నేయించే చిల్లుల జకార్డు అట్టలతో సహా దగ్గరగా కనిపిస్తుంది. పోయినేడు పక్క వీధి వాళ్ల నెమలి అంచును ఎవరో ఫొటో చూసి దించేశారు. మరమగ్గం మీద నేసి సగం ధరకు అమ్మారు. ఆ ఇంట్లో మగ్గం గుంటలో ఇప్పుడు కోళ్లు పొదుగుతున్నాయి.

మర్నాడే బస్సెక్కి కర్నూలు పోయింది.

సైటు తయారుచేసిన సోమశేఖర్ దాన్ని తన ఫోన్లో తెరిచాడు.

తెల్లటి తెర. తిరుగుతున్న చక్రం.

"ఇదేందప్పా, నా ఫోన్లో ఠక్కున వస్తాది కదా?"

"నువ్వు రోజూ చూసేదే కదక్కా. నీ ఫోన్ దాచిపెట్టుకోని ఉంటాది. కొత్తగా వచ్చేవాళ్లు ఈ చక్రం చూసి పారిపోతాండారు. ఆయమ్మ ఎవురో గాని, నిజమే చెప్పింది."

చీరల ఫొటోలన్నీ తీసినవి తీసినట్టే ఉన్నాయి. వాటన్నిటినీ చిన్నవి చేశాడు. కొంచెం నయమైంది.

"అసలు బరువు ఇదిగో," అని మొదటి పేజీ చూపించాడు.

వీడియోలో ఓ ముసలాయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు.

"ఎవురక్కా ఈయప్ప?"

"బొజ్జన్న మామ. శానా మంచి చెయ్యి. పోయినేడు చచ్చిపోయినాడు. నేను మా వీధికి కోడలిగా వచ్చిన కాడి నుంచి ఒంటరిగానే ఉండె."

"దీన్ని చిన్నది చేసి అడుగున పెడతాలే."

"వద్దు. తీసెయ్యి. ఎవురో డిజైను ఎత్తుకపోయేదానికి కాచుకోని ఉండారు."

"తీసేస్తే ఈడ మళ్లీ దొరకదు. నీ దగ్గర ఉండాదా?"

"ఫోన్ నిండిపోతే ఎప్పుడో తుడిచేసినా. పోతే పోనీలేప్పా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే ఆరాధన నంబరును బ్లాక్ చేసింది.

సైటు ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకుంటోంది. ఆర్డర్లు మెల్లగా మొదలై, ఊపందుకున్నాయి. మగ్గాలు ఆపమనే మాట శశికళ గొంతులోనే ఉండిపోయింది.

"ఏమమ్మా, నీ సైటు ముందర నా చెయ్యి నిదానమైపాయ గదా!" అని నేతగాడు ఉరుకుందప్ప మగ్గం మీది నుంచే కేకేశాడు.

ఆ మధ్యాహ్నమే గుమ్మంలో ఒకామె నిలబడింది. వెనకాల ఓ మగమనిషి. ఇద్దరి చెప్పులూ బస్సు దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి.

"అక్కా, నేను ఆరాధన. బద్వేలు. ఈయన మా ఆయన, హెన్రీ."

శశికళ ముఖం గంటు పెట్టుకుంది.

"డిజైను కోసం ఇంత దూరం వస్తిరా?"

"డిజైనా?" ఆమెకు అర్థం కాలేదు. "ఫోన్ చేస్తే కలవకపాయ. సైటు తొందరగానే వస్తాండాది గాని, మగ్గం వీడియో కనపళ్లేదు. యాడ పెట్టినారక్కా?"

"బరువని తీసేస్తిమి. నిదానంగా వస్తాండాదని నువ్వే కదా చెప్పింది!"



"అది తొందరగా రావాలని కదక్కా నేను చెప్పింది."

ఆరాధన శశికళ ఫోన్ వైపు చూపించింది.

"మీ దగ్గర ఇంకోటి ఉంటాది కదా?"

శశికళ తల అడ్డంగా ఊపింది.

ఆరాధన అరుగు మీద కూలబడింది. హెన్రీ వంగి నీళ్ల సీసా అందించాడు. తాగలేదు.

"వీడియో కడాన ఆయన తలెత్తి, 'అన్నం తింటివా పాపా?' అంటాడు కదక్కా."

ఆ వీడియో తీసింది శశికళే. బొజ్జన్న ఆ మాట అడిగింది ఆమెనే. అయినా గుర్తు లేదు. సైటులో పెట్టాక ఒక్కసారీ చివరిదాకా చూడలేదు.

"నేను దినామూ జవాబు చెప్పేదాన్ని. తిన్నా అని."

వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఆ చప్పుడు శశికళకు భరించరానిదైంది.

"ఎవురమ్మా నువ్వు? ముందే చెప్పకూడదా?"

"చెప్తే ఈ వీధిలో ఎవురూ ఇయ్యరనుకుంటి."

"ఎవురు నువ్వు?"

హెన్రీని పెళ్లి చేసుకున్న నాటి నుంచి బొజ్జన్న కడదాకా పలకరించని ఆయన కూతురు, పెళ్లితో వదిలేసిన, పుట్టింట్లో పెట్టిన పేరు చెప్పబోయి, కాసేపు తడుముకుంది.