మూడు బిస్కెట్లు

టైసన్ మొరగడం మానేసి పన్నెండు రోజులైంది. జగ్గయ్యపేటలో ఆ వీధివాళ్లు జయమణితో మళ్లీ మాట్లాడుతున్నారు.

"మొరగబోయి ఆగినప్పుడల్లా బిస్కెట్ పెట్టండమ్మా, అదే దారిలోకొస్తుంది," అని నందిగామ పశువుల డాక్టరు చెప్పాడు. ఆమె అలాగే చేసింది.

"దాని నోరు మూయించావు. ఇంక నా వంతా?" అని నవ్వుతూ భర్త బకెట్ తీసుకుని, సంపు కడగడానికి పెరట్లోకి వెళ్లాడు.

ఆమె చేపలపులుసు పెడుతుండగా టైసన్ తడికాళ్లతో వంటింట్లోకొచ్చింది. గొంతులో గురగురమంది గానీ మొరగలేదు.

"శభాష్ రా," అని బిస్కెట్ పెట్టింది. అది నోట కరుచుకుని పెరట్లోకి పరుగెత్తింది.

మళ్లీ వచ్చింది. ఒళ్లంతా వణుకుతోంది, అయినా మొరగలేదు. ఇంకో బిస్కెట్ ఇచ్చింది.

మూడోసారి వచ్చి, ఆమె కుచ్చెళ్లకు మూతి ఆనించి మొహంలోకి చూసింది.

"తిండి కోసం ఎన్ని వేషాలేస్తావురా," అంటూ ఇంకోటి ఇచ్చింది.

పులుసు దించి భర్తను అన్నానికి పిలిచింది. పలకలేదు. పెరట్లోకి వెళ్లింది.

సంపు మూత తీసే ఉంది. అడుగు లోతు నీళ్లలో భర్త బోర్లా పడి ఉన్నాడు. పైన టైసన్ నోరు మూసుకుని కూర్చుంది.

గట్టు మీద, ఆయన చెయ్యి పెట్టి ఎక్కాల్సిన చోట, మూడు బిస్కెట్లూ కొరకకుండా ఉన్నాయి.