పాపకు నేర్పిన మాట

గ్రహణమొర్రితో పుట్టిన మా తన్మయికి ఏడాది లోపే పెదవి కుట్టించాం. గ్రహణం నాడు నేను కత్తిపీట ముట్టుకోబట్టే ఇలా పుట్టిందని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. మూడేళ్లొచ్చినా పాపకు మాట రాలేదు. మెదడు ఎదగలేదేమోనని కల్లూరు నుంచి ఖమ్మం తీసుకొచ్చాను.

డాక్టరమ్మ రంగు చెక్కలు ముందు పెడితే, పాప చకచకా మేడ కట్టేసింది.

"బుర్రకేం కాలే, చెవులు గూడ మంచిగున్నయ్. ఇంట్ల పాపతోని మాట్లాడతరా?"

"అవ్ మేడం, మస్తు మాట్లాడతం," అన్నాను తల ఎత్తకుండా.

"మీ అమ్మ నీకేం చెప్తది, బంగారం?" అని ఆమె పాపనే అడిగింది.

పాప పెదవి మీది కుట్టు మచ్చకు వేలు ఆనించి, "ష్ష్" అంది.

ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడల్లా, దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేస్తూ నేను నేర్పింది అదొక్కటే.