ఆ మలుపు దాకా

తెల్లవారకముందే ఓ జల్లు పడి వెలిసింది. ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఇలాంటి పొద్దు కోసమే ఆమె నెల్లాళ్లుగా కాచుకుని ఉంది.

వసారాలో మోటారు సైకిల్ చైనుకి నూనె పెడుతోంది. తండ్రి గడపలో నిలబడి పైకి ఆశగా చూశాడు.

“మబ్బు పట్టేలా ఉందే అమ్మాయ్.”

“ఎక్కడ నాన్నా? మీ కళ్లలోనా?”

లోపల్నుంచి పిన్ని నవ్వింది. “వెళ్లిరండి మహానుభావా! కూతురు కొండలు చూపిస్తానంటే పెళ్లిచూపుల్లో పిల్లలా ఆ నసుగుడేంటి?”

కొండలు చూపించడమే ఆమె పని. సరదా పడ్డవాళ్లని బళ్ల మీద గుంపుగా తీసుకెళ్లి తిప్పి తెస్తుంది. కొత్త దారి ఏదైనా సరే, ముందు తానొక్కతే వెళ్లి చూసొస్తుంది. ఏ మలుపులో లోయ బాగా కనబడుతుంది, ఎక్కడ కంకర జారుతుంది, ఏ పూటకి ఎక్కడ అన్నం దొరుకుతుంది, అన్నీ కళ్లతో చూశాకే వేరేవాళ్లని రమ్మంటుంది.

పాత కొండదారినీ అలాగే చూసొచ్చింది. వచ్చిన పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి తండ్రితో ఆమె మాట తేనె అయిపోయింది.

“మనిద్దరం కలిసి ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్లామా నాన్నా? ఈసారి వెళ్దాం.”

తండ్రి మురిసిపోయాడు. దారి పేరు చెప్పేదాకానే ఆ మురిపెం.

“సముద్రం వైపు పోదామే. గాలి బాగుంటుంది.”

“ఉప్పుగాలికి మీ కీళ్లు పట్టేస్తాయి.”

“పోనీ కొత్త రోడ్డు? అద్దంలా ఉందట.”

“అద్దంలో చూడ్డానికి ఏముంటుంది నాన్నా, మన మొహాలేగా.”

“ఆ పాత దారిలో మాత్రం ఏముందే? రాళ్లూ రప్పలూ.”

“అమ్మ ఉందిగా.”

తండ్రి టీ గ్లాసు కింద పెట్టేసి లేచాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమెకి ఊహ తెలియని వయసులో, ముగ్గురూ ఎక్కిన బండి ఆ దారిలోనే లోయవైపు పడింది. తండ్రికి మోచెయ్యి దోక్కుపోయింది. ఆమె నుదుటికి కుట్లు పడ్డాయి. తల్లి లోయలోకి జారిపోయిందనీ, మనిషి దొరకలేదనీ తండ్రి ఇంటికొచ్చి చెప్పాడు. అందరూ ఏడ్చారు. ఏడాది తిరక్కుండా పిన్ని వచ్చింది. పిన్ని మంచిదే. పాపం, ఆమెకీ ఏమీ తెలియదు.

పగ పట్టినవాళ్లు పళ్లు కొరుకుతారని లోకం అనుకుంటుంది. ఆమె తండ్రికి కొత్త హెల్మెట్ కొంది. నడుం పట్టకుండా వెనక సీటు మెత్తగా వేయించింది. చలికోటు తనే తొడిగి, గుండీలు తనే పెట్టింది, కోయబోయే కోడికి గింజలు చల్లినట్టు.

ఎండ ముదరకముందే కొండెక్కారు.

జలపాతం దగ్గర ఆపింది. ఫొటో తీసింది. “నవ్వండి నాన్నా, పన్ను పీకేవాడి ముందు కూర్చున్నట్టున్నారు.” పూలు పరుచుకున్న వాలు దగ్గర ఆపింది. అక్కడా ఫొటో తీసింది. దారి పైకి మెలికలు తిరిగేకొద్దీ తండ్రి వేళ్లు ఆమె భుజంలోకి దిగుతున్నాయి.

ఆ మలుపు దగ్గర ఇంజను ఆపేసింది. రోడ్డు అంచుకి గోడ లేదు. కింద పొగమంచు.

“దిగండి.”

దిగాడు.

“అమ్మ ఎక్కడ జారింది?”

“అదిగో… ఆ చెట్టు పక్కన.”

“చిన్నప్పుడు అడిగితే బండరాయి పక్కన అన్నారు.”

“ఎప్పటి మాటే అది! గుర్తుంటుందా?”

“భార్య పోయిన చోటు గుర్తుండదా నాన్నా?”

ఆమె వెనగ్గా వచ్చి నిలబడింది. వీపు మీద చెయ్యి వేసింది. కొత్త కోటు లోపల ఆ వీపు వణకడం అరచేతికి తెలుస్తోంది. కాస్త తోస్తే చాలు. అది అతనికీ అర్థమైంది.

“నన్నేం చెయ్యకే తల్లీ…”

“ఛ! మిమ్మల్నా? మీరు నిండు నూరేళ్లు బతకాలి. దానికోసమేగా ఇంత జాగ్రత్తగా తీసుకొచ్చింది.” చెయ్యి తీసేసింది. “పదండి, ఆకలేస్తోంది.”

మలుపు దిగితే చిన్న ఊరు. ఊరి చివర కొండవాళ్ల ఆసుపత్రి, దానికి ఎదురుగా రేకుల కప్పు వేసిన భోజనాల పాక. ఆసుపత్రి గేటు చూడగానే తండ్రి ఆమె భుజం కుదిపాడు.

“ఇక్కడొద్దే. ముందుకెళ్లి తిందాం.”

“ముందుకెళ్తే ఏమీ దొరకదు. చూసొచ్చాగా.”

పాకలో వేరే ఎవరూ లేరు. మూల బల్ల మీద మూడు కంచాలు వేసి ఉన్నాయి.

“మూడోది ఎవరికే?”

 ఆమె హెల్మెట్ తీసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తండ్రికి కూర్చోక తప్పలేదు.

వంటగదిలోంచి ఒకామె అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. తండ్రికి వడ్డించింది. కూతురి నుదుటి మీది కుట్ల మచ్చ ఓసారి తడిమి, ఆమెకీ వడ్డించింది. తనూ వడ్డించుకుని మూడో కంచం ముందు కూర్చుంది.

తండ్రి తల వంచేశాడు. మళ్లీ ఎత్తలేదు.

 ముగ్గురూ తింటున్నారు. 

కాలు విరిగి ఆ ఎదురు ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న రోజున, ‘నీ పాప పోయింది, నువ్వింక నా గడప తొక్కకు’ అని చెప్పి నాన్న వదిలేసి వెళ్లిన అమ్మ, కూతురి కంచంలో మరో ముద్ద కలిపి పెట్టింది.