సొంతవాక్యం

"ఏం తప్పు రాసింది, టీచరుగారూ?" అంటూ తల్లి కుర్చీ అంచున కూర్చుంది.

"తప్పేం లేదమ్మా. వైట్ లై అంటే ఎదుటివాళ్ళు బాధపడకూడదని ఆడే అబద్ధం. ఇంగ్లీషు పరీక్షలో ఆ మాటతో సొంతవాక్యం రాయమంటే మీ అమ్మాయి ఇలా రాసింది" అని టీచరు తెలుగులో చదివింది. "నాన్న ఇక రాడని నాకు తెలుసు. అయినా క్యాంపు నుంచి ఎప్పుడొస్తాడని అమ్మని రోజూ అడుగుతాను."

ఆయన బట్టలు సర్దుకుని వెళ్ళిపోయి మూడు నెలలు. పిల్ల అడిగినప్పుడల్లా 'వచ్చే వారం' అంటూ నెట్టుకొస్తోంది తల్లి.

"మార్కు వేశారా?"

"వేశాను."

గేటు దగ్గర పిల్ల ఎదురొచ్చింది. "అమ్మా, నాన్న ఎప్పుడొస్తాడు?"

తల్లి పిల్ల భుజం మీది బ్యాగు అందుకుంది.

"రేపట్నుంచి అడగక్కర్లేదులే, తల్లీ."