గేటు దగ్గరి బోర్డు

సులభా కదమ్ మళ్లీ అదే ప్రశ్న వేసింది. "రాసింది గేటు బోర్డు మీదికి వెళ్లేముందు ఎవరైనా ఆపగలరా?"

మీటింగు గదిలో ఎవరో పైకి వినబడేలాగే నిట్టూర్చారు.

పుణె శివార్లలోని ఆ కంపెనీకి అయిదారు ఊళ్లలో ఫ్యాక్టరీలున్నాయి. వెబ్‌సైటుకి ఒకసారి, ఉద్యోగుల ఫోన్లకి ఒకసారి, గేట్ల దగ్గర వెలిగే పెద్ద బోర్డులకి మరోసారి, ఒకే సంగతి రాసి రాసి విసిగిపోయారు. అన్నింటికీ కలిపి హైబ్రిడ్ కంటెంట్ సిస్టమ్ ఒకటి కొందామని కమిటీ వేశారు. అందులో పేజీని కళ్లముందు చూసుకుంటూ దిద్దుకోవచ్చు, ఒక్కసారి రాసి అన్నిచోట్లకీ పంపనూ వచ్చు. వడపోతలో చివరికి రెండు మిగిలాయి. మొదటిది మీట నొక్కగానే అన్నిచోట్లా ప్రత్యక్షం. రెండోది ఎక్కడికక్కడ ఒక మనిషి చూసి సరే అనేదాకా కదలదు.

అందరి మనసూ మొదటిదాని మీదే. సులభ ఒక్కతే రెండోదాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఆమె చదువు అంతంతమాత్రం. ఉద్యోగుల నోటీసులు చూసే ఆ సీట్లోకి ఎలా వచ్చిందో, రోజూ వెనక గేటు నుంచే ఎందుకు వస్తుందో అక్కడున్న కొత్తవాళ్లెవరూ అడగలేదు.

"తాయీ, మీరింకా పోస్టుకార్డుల కాలంలోనే ఉన్నారు" అన్నాడు ఐటీ విభాగం చూసే నినాద్, ఆమెని అందరిలాగే మరాఠీలో అక్కా అని పిలుస్తూ. అందరూ నవ్వారు.

మొదటిదాన్ని అమ్మవచ్చినతను హుషారుగా లాప్‌టాప్ తెరిచాడు. 'సులభా తాయీకి నమస్కారం' అని కొట్టి మీట నొక్కాడు. కిటికీలోంచి కనబడే గేటు బోర్డు మీద ఆ అక్షరాలు ఎర్రగా వెలిగాయి. గదంతా చప్పట్లు. సులభ మాత్రం కిటికీ వైపు తల తిప్పలేదు.

నిరుడే వచ్చిన పెద్ద సారు కేల్కర్‌కి విసుగెత్తింది.

"ఒక్కో బోర్డుకీ ఒక్కో మనిషా? ఎందుకమ్మా ఈ చాదస్తం? బోర్డు మీద ఏదైనా కాస్త ముందు పడితే ఎవరి కొంప మునుగుతుంది?"

"మునుగుతుంది సార్."

"ఎవరిది?"

సులభ ముందున్న కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది, ఇప్పుడు చప్పట్లు కొట్టిన ఈ మనుషులకా చెప్పడం?

చేతులెత్తమన్నారు. ఆమెది తప్ప అన్నీ లేచాయి. మొదటిదే ఖాయమైంది. టీ, వడాపావ్ వచ్చాయి. అలగొద్దు తాయీ అంటూ నినాద్ ఆమె ముందు ప్లేటు పెట్టాడు. సులభ దాన్ని ముట్టుకోకుండా తన సంచీ తీసుకుని లేచింది.

తొమ్మిదేళ్ల కిందట, మొగుడికి వేడివేడి జొన్నరొట్టెలు, ఆ భాకరీల డబ్బా పట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడ్డ మధ్యాహ్నం, అతను లోపల మిషన్ కింద పడి చనిపోయాడని సులభకి మొదట చెప్పింది ఆ బోర్డే.